విదేశాల నుంచి తిరిగివచ్చినవారికి నిరుద్యోగ భృతి అర్హత: వేలూరు, గుడియాత్తం, తిరుపత్తూరు ప్రాంతం

భారతదేశంలో విదేశాల నుంచి తిరిగివచ్చిన కార్మికుల కోసమే ఉద్దేశించిన నిరుద్యోగ భృతి లేదు. పదేళ్లు దుబాయిలోనో కువైట్‌లోనో పనిచేసి, వీసా క్యాన్సిల్ అయ్యి ఊరు చేరినవారు, ఊళ్లోనే ఉండి పని దొరకనివారికి ఉన్న దారుల్లోనే ప్రయత్నించాలి. తమిళనాడులోని వేలూరు, తిరుపత్తూరు జిల్లాల్లో అలాంటి దారులు ప్రధానంగా మూడు: జిల్లా ఉపాధి కార్యాలయం ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ సాయం, కార్మిక రాజ్య బీమా సంస్థ ఇచ్చే నగదు, గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని నిరుద్యోగ భృతి. మొదటిది ఉపాధి కార్యాలయంలో పేరు ఎన్నేళ్లుగా ఉందో చూస్తుంది. రెండోది జీతం నుంచి చందా ఎన్నాళ్లు కట్టారో చూస్తుంది. మూడోది గ్రామంలో నివాసం ఉందో లేదో చూస్తుంది. విదేశంలో చేసిన పని మొదటి రెంటిలో లెక్కకు రాదు. అందుకే తిరిగివచ్చినవారిలో ఎక్కువమందికి అవసరం ఉన్నా అర్హత ఉండదు.

ప్రాంతం, జీవనాధారాలు

పాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి 1911లో చిత్తూరు జిల్లా విడిపోయింది. మిగిలినదాంట్లో ఒక భాగం కాలక్రమంలో వేలూరు జిల్లా అయింది. 2019 నవంబరు 28న అందులోంచి తిరుపత్తూరు, రాణిపేట జిల్లాలు ఏర్పడ్డాయి. గుడియాత్తం, పేర్ణాంబట్టు వేలూరు జిల్లాలోనే ఉండిపోగా ఆంబూరు, వాణియంబాడి కొత్త తిరుపత్తూరు జిల్లాలోకి వెళ్లాయి. శివగంగ జిల్లాలోని తిరుపత్తూరు వేరే ఊరు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు పక్కనే ఉండడంతో ఇక్కడి ఊళ్లలో తమిళంతో పాటు తెలుగు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి.

ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టుల్లో తోళ్ల శుద్ధి, చెప్పుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. గుడియాత్తంలో లుంగీల నేత, అగ్గిపెట్టెల తయారీ, బీడీలు చుట్టే పని పాత జీవనాధారాలు. ఇందులో ఫ్యాక్టరీ పనివాళ్లకు బీమా, భవిష్యనిధి ఖాతాలు ఉంటాయి. ఇంట్లో మగ్గం నేసేవారికి, బీడీలు చుట్టేవారికి జీతం చీటీ ఉండదు. విదేశం నుంచి వచ్చిన మనిషి ఈ రెండు రకాల పనుల్లో దేనిలో చేరాడన్నదాన్ని బట్టి, మళ్లీ పని పోయినప్పుడు భృతి వస్తుందా రాదా అన్నది తేలుతుంది.

తమిళనాడు ప్రభుత్వ సాయం

చదువుకుని పని దొరకని యువతకు తమిళనాడు ప్రభుత్వం ఉపాధి, శిక్షణ శాఖ ద్వారా నెలసరి సాయం ఇస్తుంది. పదో తరగతి తప్పినవారికి నెలకు 200 రూపాయలు, ఉత్తీర్ణులకు 300, పన్నెండో తరగతి పూర్తిచేసినవారికి 400, పట్టభద్రులకు 600. మూడు నెలలకోసారి బ్యాంకు ఖాతాలో వేస్తారు. గరిష్ఠ కాలం మూడేళ్లు. అంటే పట్టభద్రుడికి మొత్తం మీద అందేది 21,600 రూపాయలు, పదో తరగతి తప్పిన వ్యక్తికి 7,200.

అర్హతకు ప్రధాన షరతులు ఇవి. ఉపాధి కార్యాలయంలో పేరు నమోదై అయిదేళ్లు నిండాలి, ఆ నమోదు మధ్యలో తెగకుండా ఉండాలి. వయసు 40 దాటకూడదు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 45 వరకు వీలుంది. కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలకు మించకూడదు. దరఖాస్తుదారు ఏ ఉద్యోగంలోనూ, స్వయం ఉపాధిలోనూ ఉండకూడదు. రోజూ తరగతులకు వెళ్లి చదివే కోర్సులో ఉండకూడదు గానీ దూరవిద్యకు అభ్యంతరం లేదు. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం, వ్యవసాయం వంటి వృత్తి విద్యా పట్టాలున్నవారికి ఈ సాయం వర్తించదు. సాయం తీసుకున్నంత మాత్రాన సీనియారిటీ పోదు. ఖాళీలు వచ్చినప్పుడు పేరు పంపడం ఆగదు.

విదేశానికి వెళ్లివచ్చినవారికి మొదటి ఆటంకం రెన్యువల్. నమోదును మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. గడువు నెల దాటాక మరో రెండు నెలల వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే నమోదు రద్దయి, పాత సీనియారిటీ పోతుంది. రెండు మూడు కాంట్రాక్టులు వరసగా చేసినవారి కార్డు ఈ లెక్కన కనీసం ఒకసారైనా రద్దయ్యే అవకాశం ఎక్కువ. రెన్యువల్ తప్పినవారికి పాత సీనియారిటీ తిరిగి ఇచ్చే ప్రత్యేక రాయితీని ప్రభుత్వం అప్పుడప్పుడూ ప్రకటిస్తుంది. ఆ ఉత్తర్వులో చెప్పిన సంవత్సరాల్లో గడువు మించినవారికే అది పనికొస్తుంది. రెన్యువల్ ఆన్‌లైన్‌లో చేసుకునే సదుపాయం వచ్చాక పరాయి దేశంలో ఉన్నవారికీ కార్డు కాపాడుకునే వీలు కలిగింది. అయితే నమోదు కొనసాగడం ఒక్కటే చాలదు. సాయం కోరే నాటికి పని లేకుండా ఉండాలి. ఆ మాట ఏటా స్వీయ ప్రమాణపత్రంలో రాసివ్వాలి.

రెండో ఆటంకం వయసు. 22 ఏళ్లకు గల్ఫ్ వెళ్లి 37 ఏళ్లకు తిరిగివచ్చిన వ్యక్తి కార్డు రద్దయి ఉంటే కొత్తగా నమోదు చేసుకోవాలి. అయిదేళ్లు నిండేసరికి 42 వస్తాయి. సాధారణ వర్గానికి అప్పటికి దారి మూసుకుపోతుంది. షెడ్యూల్డు కులానికో తెగకో చెందినవారైతే 45 పరిమితి వల్ల దరఖాస్తుకు అవకాశం మిగులుతుంది.

మూడోది చదువు, నివాసం. దరఖాస్తుదారు తమిళనాడులోనే చదువు పూర్తిచేసి ఉండాలి, లేదా తల్లిదండ్రులో సంరక్షకులో రాష్ట్రంలో కనీసం 15 ఏళ్లు నివసించి ఉండాలి. సరిహద్దు తెలుగు కుటుంబాలకు ఈ షరతు ముఖ్యం. గుడియాత్తంలో పుట్టి చిత్తూరులోనో తిరుపతిలోనో డిగ్రీ చదివిన వ్యక్తి తన మార్కుల జాబితాలతో మాత్రమే అర్హత చూపలేడు. తల్లిదండ్రుల నివాసాన్ని రుజువు చేయాలి. కుటుంబమంతా గల్ఫ్‌లో ఉండి పిల్లలు అక్కడి భారతీయ పాఠశాలల్లో చదివినా అదే పరిస్థితి.

నాలుగోది ఆదాయం. 72,000 రూపాయల పరిమితి అంటే ఇంటిల్లిపాదికీ నెలకు 6,000. రెవెన్యూ శాఖ ధ్రువపత్రం కుటుంబం మొత్తం ఆదాయానికి సంబంధించింది. తిరిగివచ్చిన మనిషికి ఏమీ లేకపోయినా, తమ్ముడు ఇంకా సౌదీ నుంచి డబ్బు పంపుతూ ఒకే కుటుంబంగా ఉంటే పరిమితి దాటుతుంది.

వికలాంగులకు షరతులు చాలా సడలించారు. నమోదై ఒక్క ఏడాది నిండితే చాలు. వయసు, ఆదాయ పరిమితులు లేవు. పదో తరగతి దాకా చదివినవారికి నెలకు 600, పన్నెండో తరగతికి 750, పట్టభద్రులకు 1,000 రూపాయల చొప్పున పదేళ్లు ఇస్తారు. నిర్మాణ పనుల్లో గాయపడి, వైకల్యంతో తిరిగివచ్చిన కార్మికుడికి రాష్ట్ర సాయంలో అన్నిటికన్నా దగ్గర దారి ఇదే. వైకల్య ధ్రువపత్రం తీసుకుని, వచ్చిన వెంటనే నమోదు చేసుకుంటే ఏడాదికి అర్హత వస్తుంది.

కార్మిక రాజ్య బీమా

ఆంబూరు, రాణిపేటల వంటి ఫ్యాక్టరీ పట్టణాల్లో జనం ‘ఈఎస్ఐ’ అనే ఈ బీమాకు మూలం 1948 చట్టం. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారు దీని పరిధిలోకి వస్తారు. 2019 జులై నుంచి కార్మికుడు జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తున్నారు. పని పోయినప్పుడు నగదు ఇచ్చే పథకాలు ఇందులో రెండున్నాయి.

2005 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, ఫ్యాక్టరీ మూతపడినా, తొలగింపునకు గురైనా, పనితో సంబంధం లేని గాయం వల్ల కనీసం 40 శాతం శాశ్వత వైకల్యం వచ్చినా వర్తిస్తుంది. మొదటి 12 నెలలు వేతనంలో సగం, తర్వాతి 12 నెలలు నాలుగో వంతు ఇస్తారు. 2018 జులై 1న ప్రారంభమైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనలో మొదట సగటు దినసరి సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు. కోవిడ్ కాలంలో దాన్ని 50 శాతానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారి. పని పోవడానికి ముందు కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. వెనువెంటనే ముందున్న చందా కాలంలో 78 రోజులు, ఆ రెండేళ్లలోని మిగతా మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా మరొకటి. దుష్ప్రవర్తన కారణంగా తొలగించినవారికి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారికి ఇది వర్తించదు.

ఒక ఉదాహరణ చూస్తే లెక్క తెలుస్తుంది. మస్కట్ నుంచి వచ్చిన మహిళ 2023 ఏప్రిల్‌లో ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో చేరిందనుకుందాం. 2024 నవంబరు చివర పని పోతే ఆమెకు 20 నెలల సర్వీసే ఉంటుంది కాబట్టి భృతి రాదు. అంతకుముందు మస్కట్‌లో ఎనిమిదేళ్లు చేసినా అందులో ఒక్క రోజూ కలవదు. 2025 జూన్ చివర పోయి ఉంటే, చందా రోజులు సరిపోయిన పక్షంలో అర్హత వస్తుంది. సగటు దినసరి సంపాదన 500 రూపాయలైతే, రోజుకు 250 చొప్పున 90 రోజులకు 22,500 అందుతాయి. రాష్ట్ర ప్రభుత్వం పట్టభద్రుడికి మూడేళ్లలో ఇచ్చే మొత్తం కన్నా ఇది కాస్త ఎక్కువే.

వెళ్లేముందు కట్టిన చందాలూ ఇక్కడ ఉపయోగపడవు, ఎందుకంటే నిబంధన పని పోవడానికి ముందున్న రెండేళ్లనే చూస్తుంది. భవిష్యనిధి సంగతి వేరు. విదేశానికి పోకముందు ఫ్యాక్టరీలో చేసినవారి ఖాతాలో మిగిలిన సొమ్ము వారిదే, తీసుకోవచ్చు. కానీ అది తాము దాచుకున్న డబ్బు, భృతి కాదు.

గ్రామీణ ఉపాధి హామీ

మూడు దారుల్లోనూ విదేశ వాసాన్ని పట్టించుకోనిది 2005 జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. గ్రామంలో నివసించే, శారీరక శ్రమకు సిద్ధపడే వయోజనులెవరైనా జాబ్ కార్డు కోరవచ్చని అది చెప్పింది. చందా కాలం, చదువు, పాత నమోదు ఏవీ అడగలేదు. పని అడిగిన 15 రోజుల్లోగా చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఏడో సెక్షన్‌లో రాశారు: మొదటి 30 రోజులకు వేతనంలో కనీసం నాలుగో వంతు, మిగతా కాలానికి కనీసం సగం. ఈ ప్రాంతంలోని జవ్వాదు కొండల పల్లెలకు చేరినవారికి ఈ దారి తెరిచి ఉండగా, గుడియాత్తం, వాణియంబాడి పట్టణాల్లో ఇల్లున్నవారికి లేదు. ఈ భృతి కావాలంటే పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు చేతిలో ఉండాలి. నోటిమాటగా అడిగి వచ్చేసిన మనిషి దగ్గర 15 రోజులు లెక్కపెట్టడానికి ఆధారం ఉండదు.

పనిచేసిన దేశం ఇచ్చేది

గల్ఫ్ నుంచి వచ్చినవారికి ఎక్కువగా చేతికందేది భృతి కాదు, సర్వీసు ముగింపు సొమ్ము. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై ఏడాదికి 30 రోజులది చొప్పున లెక్క కడతారు. కువైట్ ప్రైవేటు రంగంలో నెలజీతగాళ్లకు మొదటి అయిదేళ్లకు 15 రోజుల చొప్పున, తర్వాత ఏడాదికో నెల చొప్పున. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే మహిళలకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఏడాదికి ఒక నెల జీతం హక్కుగా ఇచ్చింది.

నిరుద్యోగ బీమా విషయంలో గల్ఫ్ దేశాల విధానాలు వేర్వేరు. బహ్రెయిన్ 2006 చట్టంతో ఆ ప్రాంతంలో అందరికన్నా ముందు దాన్ని తెచ్చింది. ప్రవాస కార్మికుల జీతాల నుంచి కూడా 1 శాతం వసూలు చేస్తుంది. సౌదీ అరేబియాలో 2014లో మొదలైన ‘సానిద్’ సౌదీ పౌరులకే పరిమితం. ఎమిరేట్స్ 2023 జనవరి 1 నుంచి ప్రవాసులతో సహా ఉద్యోగులకు దీన్ని తప్పనిసరి చేసింది. మూల వేతనం 16,000 దిర్హాముల లోపు ఉంటే నెలకు 5 దిర్హాములు, మించితే 10 కట్టాలి. వరసగా 12 నెలలు కట్టాక, తమ తప్పు లేకుండా పని పోతే మూల వేతన సగటులో 60 శాతం మూడు నెలల దాకా ఇస్తారు. 30 రోజుల్లోగా క్లెయిమ్ పెట్టాలి. ఇళ్లలో పనిచేసేవారికి ఇది లేదు. దేశం విడిచి వెళ్తే చెల్లింపు ఆగిపోతుంది. చందా కట్టిన గుడియాత్తం మనిషి ఆ డబ్బు తీసుకోవాలంటే ఖర్చు భరిస్తూ అక్కడే ఉండి పని వెతుక్కోవాలి. ఊరికి టికెట్ కొంటే హక్కు వదులుకున్నట్టే.

తిరిగి రావడమే అర్హత అయిన సందర్భాలు

ప్రభుత్వాలు తిరిగివచ్చినవారిని ప్రత్యేక వర్గంగా గుర్తించి ఆదుకున్న చరిత్ర మనకు ఉంది. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చి, వ్యాపారాలు జాతీయమయ్యాక రంగూన్ నుంచి తమిళ, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో తరలివచ్చాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు. 1964 అక్టోబరులో కుదిరిన సిరిమావో–శాస్త్రి ఒప్పందం ప్రకారం సిలోన్ నుంచి 5,25,000 మందిని తీసుకోవడానికి భారత్ అంగీకరించింది. వీరి పునరావాసానికి 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు పుట్టింది. నీలగిరుల్లో ప్రభుత్వ తేయాకు తోటల్లో పని కల్పించారు. అప్పుడు వారిని చందా అడగలేదు, నమోదు అడగలేదు. కాందిశీకుల ధ్రువపత్రమే ఆధారమైంది.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా 1,70,000కు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. 1991లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం, వెళ్లిపోవాల్సివచ్చిన ప్రతి వ్యక్తికీ 2,500 డాలర్లు, మరే వర్గంలోనూ క్లెయిమ్ పెట్టనివారికి 4,000 డాలర్లు నిర్ణయించింది. పోయిన జీతానికి వేరే వర్గంలో క్లెయిమ్ పెట్టుకునే వీలు కల్పించింది. ఆ డబ్బు ఇరాక్ చమురు ఆదాయం నుంచి వచ్చింది.

శాంతికాలంలో అలాంటి ఏర్పాటుకు జరిగిన ప్రయత్నం 2012 నాటి మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన. తక్కువ చదువుతో వెళ్లే కార్మికులు దాచుకునే సొమ్ముకు కేంద్రం పింఛను కోసం ఏడాదికి 1,000 రూపాయలు, మహిళలకైతే 2,000, తిరిగివచ్చాక స్థిరపడడం కోసం 900 కలిపేది. చేరినవారు చాలా తక్కువ కావడంతో 2017లో ఎత్తేశారు. వలస కార్మికులకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు ఇస్తుంది గానీ నిరుద్యోగ భృతి ఇవ్వదు. 2020లో కోవిడ్ కాలంలో వందే భారత్ పేరుతో నడిపిన విమానాల్లో వచ్చినవారి నైపుణ్యాలు నమోదు చేయడానికి కేంద్రం ‘స్వదేశ్’ పేరుతో జాబితా తయారుచేసింది. అది ఉద్యోగాల వెతుకులాటకే తప్ప నగదుకు సంబంధించింది కాదు.

సరిహద్దుకు అవతల

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం ప్రారంభించింది. 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న పట్టభద్రులు, డిప్లొమా చదివినవారికి నెలకు 1,000 రూపాయలు ఇచ్చి, తర్వాత 2,000 చేసింది. అయిదేళ్ల పాత నమోదు షరతు లేకపోవడంతో విదేశం నుంచి వచ్చిన యువకులకు తమిళనాడు పథకం కన్నా అది అందుబాటులో ఉండేది. 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. ఇలాంటి పథకాలు ఆ రాష్ట్ర నివాసులకే పరిమితం. పలమనేరులో బంధువులున్నంత మాత్రాన గుడియాత్తం వాసికి వర్తించవు.

ఇతర దేశాల విధానాలు

ఇదే ప్రశ్న అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడి, కొన్నేళ్లు హైదరాబాదులో పనిచేసి మళ్లీ అక్కడికి వెళ్లే తెలుగువారికీ ఎదురవుతుంది. అమెరికాలో రాష్ట్రాలు సాధారణంగా గడిచిన అయిదు త్రైమాసికాల్లో మొదటి నాలుగింటి సంపాదన చూస్తాయి. భారతీయ సంస్థ ఇచ్చిన జీతం ఆ లెక్కలోకి రాదు కాబట్టి, పౌరసత్వం ఉన్నా భృతి రాకపోవచ్చు. జర్మనీలో గత 30 నెలల్లో 12 నెలల చందా ఉండాలి. బ్రిటన్ ఆదాయాధారిత సాయాలకు 1994 నుంచి స్థిర నివాస పరీక్ష పెట్టింది. ఏళ్ల తర్వాత తిరిగివచ్చిన సొంత పౌరులూ అక్కడే ఉండబోతున్నామని చూపాలి. ఆస్ట్రేలియా కొత్తగా వచ్చిన వలసదారులను నాలుగేళ్లు ఆగమంటుంది. పౌరులకు ఆ నిరీక్షణ లేదు.

ఒక దేశపు చందాను మరో దేశంలో కలిపి చూసే పద్ధతి యూరోపియన్ యూనియన్‌లో ఉంది. 883/2004 నిబంధన కింద పాత దేశం ఇచ్చే యూ1 పత్రం చూపితే అక్కడి బీమా కాలాన్ని కొత్త దేశం లెక్కలోకి తీసుకుంటుంది. భారత్ 2009లో బెల్జియంతో మొదలుపెట్టి జర్మనీ, జపాన్, కెనడా వంటి దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు అమలు చేసినా, అవి ప్రధానంగా పింఛను, రెండుచోట్ల చందా కట్టాల్సిన భారానికి సంబంధించినవి. గల్ఫ్ దేశాలతో అలాంటివీ లేవు.

పరిశీలన

భారత రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగ సమయంలో ప్రభుత్వ సాయాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చింది, ఆర్థిక స్తోమతకు లోబడి. వేలూరు ప్రాంతంలో ఆ సాయం తిరిగివచ్చిన వలస కార్మికుడి దాకా చేరకపోవడానికి డబ్బు కొరత ఒక్కటే కారణం కాదు. రాష్ట్ర పథకాన్ని ఊళ్లోనే ఉండి సర్కారు ఉద్యోగానికి ఎదురుచూసే యువకుడి కోసం తయారుచేశారు. బీమాను ఏళ్ల తరబడి ఒకే వ్యవస్థలో ఉండే ఫ్యాక్టరీ కార్మికుడి కోసం తయారుచేశారు. పోయి, వచ్చి, మళ్లీ పోయే మనిషి ఈ రెండు నమూనాలకూ సరిపోడు. తక్కువ చదువుతో వెళ్లే కార్మికుల వివరాలు కేంద్రం దగ్గర ఈ-మైగ్రేట్ వ్యవస్థలో ఇప్పటికే నమోదవుతున్నాయి. ఆ కాలాన్ని ఉపాధి కార్యాలయపు అయిదేళ్లలో లెక్కించడానికి కొత్త నిధి అక్కర్లేదు, నిబంధన మార్పు చాలు. బీమా చందాను కలపాలంటే మాత్రం ఆతిథ్య దేశాలతో ఒప్పందం కావాలి. అంతవరకు వెళ్లేవారు కార్డు రెన్యువల్ తేదీ మరవకపోవడం, వచ్చినవారు వచ్చిన నెలలోనే నమోదు చేసుకోవడం, ఫ్యాక్టరీలో చేరితే బీమా నంబరు అడిగి తీసుకోవడం, పల్లెలో పని అడిగితే రసీదు రాయించుకోవడం అర్హతను నిలబెట్టే పనులు.